పడవెక్కే తేదీ సరే, వీసా అయిపోయే తేదీ ఎప్పుడు?

ఈ వారం వచ్చిన ఉత్తరం ఇది, కొంచెం కుదించినా:

"అన్నా నమస్తే. మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. జాబ్ మానేసి గ్యాప్ తీసుకోని నవంబర్ 4న బాలి వచ్చినా, తులంబెన్‌లో డైవింగ్ చేస్తా ఉన్నా. ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్ డైవింగ్ కోర్సులు రెండూ అయిపోయినాయి. వచ్చే ముందు ఆన్‌లైన్‌లో ఈ-వీఓఏ (వీసా ఆన్ అరైవల్) తీసుకున్నా, 30 రోజులది. ఇప్పుడు ప్లాన్ మారింది. నవంబర్ 28న ఇండోనేషియాలోనే తూర్పు చివర సోరోంగ్ నుంచి రాజా అంపట్ దీవులకి బోట్ ఉంది, డిసెంబర్ 8న దిగుతాం, డబ్బులు కట్టేసినా. తర్వాత మళ్ళీ బాలి, జనవరి 10న చెన్నైకి రిటర్న్, సంక్రాంతికి ఇంట్లో ఉండాల. వీసా డిసెంబర్ 4 దాకా ఉంది కదా, నాలుగు రోజులు ఓవర్‌స్టే అయితే ఫైన్ కట్టేస్తే చాలు అంటాడు రూమ్మేట్. ఇంకొకడు సింగపూర్ పోయి వచ్చెయ్ అంటాడు. ఏజెంట్ ఒకాయన పాస్‌పోర్ట్ ఇచ్చెయ్, నువ్వు రానక్కర్లేదు అంటున్నాడు. పాస్‌పోర్ట్ వచ్చే జూన్ 20 దాకా ఉంది, ఆ టెన్షన్ లేదు. డైవ్ షాప్ వాళ్ళు డిసెంబర్ రష్‌లో హెల్ప్ చేస్తే డైవ్స్ ఫ్రీ అంటున్నారు. అమ్మ రోజూ ఫోన్‌లో ఏడుస్తా ఉంది. ఏం చేయమంటావు?"

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. అందులో నువ్వు అడిగిన ప్రశ్న ఒకటే గానీ నువ్వు అడగని ప్రశ్నలు ఇంకో నాలుగు ఉండాయి, వాటికే నాకు గుండె దడ పుట్టింది.

మొదట ఆ తేదీ చూద్దాం. నీ వీసా డిసెంబర్ 4 దాకా లేదు, 3 దాకానే. ఇండోనేషియాలో నువ్వు దిగిన రోజే ఒకటో రోజు. 4న దిగినావు, నవంబర్ 30కి 27 రోజులు, డిసెంబర్ 3కి 30, అంతే. "నెల రోజులు కదా, 4న వస్తే 4న పోవచ్చు" అని మన బుర్ర లెక్కేస్తాది, ఇంటి అద్దె లెక్క మాదిరి. నేనూ అట్లే లెక్కేసినా. పదహారేళ్ళు తిరుపతి బస్టాండు దగ్గర టికెట్లు కొట్టిన వాణ్ణి, జనాలకి వీసాలు చూసి పంపించిన వాణ్ణి, నలభై దాటినాక డైవింగ్ నేర్చుకుందామని పోయి జనవరి 3న దిగి ఫిబ్రవరి 3కి రిటర్న్ వేసుకున్నా. ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ ఏమీ అనలేదు, టేబుల్ మీది క్యాలెండర్ నా వైపు తిప్పి పెన్ను మూతతో ఒక్కొక్క గడి తట్టుకుంటా పోయినాడు, సతు, దువా, తిగా అని, ఫిబ్రవరి 1 గడి మీద 30 అని ఆగి, ఇంకా రెండు గళ్ళు తట్టి నా మొహం చూసినాడు. రెండు రోజులు, ఇరవై లక్షల రుపియా. రోజుకి పది లక్షల రుపియా ఫైన్ అక్కడ, మన డబ్బుల్లో ఐదు వేల పైచిలుకు. జేబులో ఉండింది ఎనిమిది లక్షలు. ఏటీఎం వెతుక్కుంటా పరిగెత్తి, చెమటలు కారతా వచ్చి కట్టి, లాస్ట్ కాల్‌లో ఫ్లైట్ ఎక్కినా. ఇప్పటికీ మా ఆవిడ గోడ క్యాలెండర్ మార్చినప్పుడల్లా నవ్వుతాది.

కాబట్టి రూమ్మేట్ చెప్పిన నాలుగు రోజులు నాలుగు కాదు, డిసెంబర్ 8 నాటికి ఐదు. యాభై లక్షల రుపియా. ఆ డబ్బు కూడా పెద్ద సంగతి కాదనుకో. వీసా అయిపోయినాక ఎక్స్‌టెన్షన్ ఇయ్యరు, ఫైన్ కట్టి దేశం వదలాల్సిందే, అంటే బోట్ దిగినాక నీ డిసెంబర్ బాలి ప్లాన్ మొత్తం పాయె. లేదు జనవరి 10 దాకా అట్లే ఉంటా అంటే 38 రోజులు, లెక్క నువ్వే వేసుకో. 60 రోజులు దాటితే ఫైన్ మాట కూడా ఉండదు, డిపోర్ట్ చేసి మళ్ళీ రానీకుండా పేరు ఎక్కిస్తారు. ఇంకో మాట, నువ్వుండేది నీళ్ళ కింద. వీసా లేని రోజుల్లో ఏమన్నా అయితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట వెతికేది క్లెయిమ్ ఎట్లా తిప్పికొట్టాలా అనే, వాళ్ళకి నువ్వే చేతికి కర్ర ఇచ్చినట్టు. "ఫైన్ కట్టేస్తే చాలు" అనేవాడు నీ బదులు వచ్చి కట్టడు.

ఇంక చేయాల్సింది. ఈ-వీఓఏ ఒక్కసారి, ఇంకో 30 రోజులు పొడిగిస్తారు. ఫీజు ఐదు లక్షల రుపియా, నువ్వు మొదట కట్టినంతే. ఏ అకౌంట్‌లో వీసా తీసుకున్నావో అదే అకౌంట్‌లో లాగిన్ అయ్యి ఎక్స్‌టెన్షన్ పెట్టాల, సైట్ అడ్రస్ చివర గో డాట్ ఐడీ ఉందో లేదో కళ్ళు పెద్దవి చేసుకోని చూడు, అచ్చం అట్లే కనపడే ప్రైవేట్ సైట్లు చాలా ఉండాయి, వాటిల్లో డబ్బు జాస్తి పోతాది. ముందు ఇదంతా ఆన్‌లైన్‌లోనే అయిపోయేది, కానీ 2025 మే చివర నుంచి రూలు మారింది, ఆన్‌లైన్‌లో పెట్టినా ఫొటోకి, రెండు మాటలు అడగడానికి నువ్వే ఇమిగ్రేషన్ ఆఫీసుకి పోవాల్సిందే. అందుకే "నువ్వు రానక్కర్లేదు" అన్న ఆ ఏజెంట్ మాట వినంగానే నాకు ఒళ్ళు మండింది. పాస్‌పోర్ట్ వాడి చేతిలో పెట్టి నువ్వు బోటెక్కితే, వాడు ఫోన్ ఎత్తకపోతే ఏం చేస్తావు? ఏజెంట్లు అందరూ దొంగలని కాదు, క్యూ, ఫారాలు చూసుకుంటారు, దానికి డబ్బు ఇస్తే ఇయ్యి, కానీ నీ మొహం లేకుండా పని అవుతాది అనేవాడి దగ్గరికి పోవద్దు.

ఆఫీసు సంగతి. తులంబెన్ ఉండేది కరంగాసెం జిల్లాలో, దానికి సింగరాజా ఆఫీసు. సముద్రం పక్కనే ఉత్తరంగా తేజకుల, కుబుతంబహన్ మీదుగా పోతే సుమారు రెండు గంటలు పడతాది. అందరూ బాలి అంటే ఎయిర్‌పోర్ట్ పక్కన ఆఫీసే అనుకోని అటు మూడు గంటలు పోయి వెనక్కి వస్తారు. పాస్‌పోర్ట్, మొదటి పేజీ జిరాక్స్, వీసా ప్రింటు, ఎంట్రీ స్టాంపు ఉంటే దాని జిరాక్స్, ఉండే చోటు అడ్రస్, తిరుగు టికెట్ ప్రింటు ఎత్తుకోని పో. బట్టలు కూడా చెప్పాల్సి వస్తా ఉంది, నీ డీపీ చూసినా కాబట్టి. షార్ట్స్, బనీను, హవాయి చెప్పులతో పోతే గేటు దగ్గరే ఆపేస్తారు. కొండ మీద కల్యాణోత్సవానికి పంచె లేకుండా పోము కదా, అట్లనుకో. ప్యాంటు, కాలర్ షర్టు, బూట్లు.

ఇంకోటి, నువ్వు స్కూటర్ అద్దెకి తీసుకోని ఉంటావు, ఆ షాపాయన పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టుకోని ఉంటే ఈ సాయంత్రమే డబ్బు డిపాజిట్ ఇచ్చి వెనక్కి తెచ్చుకో. పాస్‌పోర్ట్ ఇంకొకడి డ్రాయర్లో పెట్టి వీసా గురించి నన్ను అడిగినోళ్ళు ఇంతకు ముందు ఇద్దరున్నారు.

ఇప్పుడు నువ్వు అడగని ప్రశ్న. ఎక్స్‌టెన్షన్ వచ్చినా 60 రోజులే. నవంబర్ 4 నుంచి 60 అంటే జనవరి 2. నీ టికెట్ జనవరి 10. ఎనిమిది రోజులు తక్కువ! పైగా ఆఫీసులో తిరుగు టికెట్ చూపించేటప్పుడు 10వ తేదీ టికెట్ పెడితే వాళ్ళ ముందే నువ్వు ఓవర్‌స్టే చేస్తానని రాసిచ్చినట్టు. టికెట్ మార్చుకున్నాకే ఆఫీసుకి పో. ఈ వీఓఏ రెండోసారి పొడిగించరు, బతిమాలినా అంతే. నువ్వు ఇంట్లో ఉండంగానే రెండు నెలలు దాటుతాదని తెలిసి ఉంటే సీ1 అనే టూరిస్ట్ వీసా తీసుకోని ఉండాల్సింది, అది మొదటే 60 రోజులు, రెండుసార్లు పొడిగించుకోని 180 దాకా పోవచ్చు. ఇది చదివే మిగతా వాళ్ళకి పనికొస్తాదని చెప్తున్నా, నీకు ఈ ట్రిప్‌కి ఆ బస్సు వెళ్ళిపోయింది.

"బయటికి పోయి మళ్ళీ వచ్చెయ్" అనే సలహా తప్పేమీ కాదు, చాలా మంది చేస్తారు, కొత్తగా వీఓఏ తీసుకుంటే మళ్ళీ 30 రోజులు. సింగపూర్ అన్నవాడు మాత్రం మన పాస్‌పోర్ట్ ఉన్నవాడు అయ్యుండడు, మనకి సింగపూర్‌కి ముందే వీసా కావాల. మనోళ్ళు కౌలాలంపూర్ పోతారు. నేను కూడా నీకు మొదట వేరే ప్లాన్ రాసినా, జనవరి 2 లోపల థాయ్‌లాండ్ పోయి ఆ ఎనిమిది రోజులు సిమిలాన్ దీవుల్లో డైవ్ చేసుకోని అట్నుంచి చెన్నై వచ్చెయ్ అని. అక్టోబర్ మధ్య నుంచి మే మధ్య దాకా సిమిలాన్ తెరిచి ఉంటాది, నీళ్ళు అద్దం లాగా ఉంటాయి. రాసినాక నీ పాస్‌పోర్ట్ లైను మళ్ళీ చదివి మొత్తం కొట్టేసినా.

"జూన్ 20 దాకా ఉంది, ఆ టెన్షన్ లేదు" అన్నావు చూడు, అదే అసలు టెన్షన్. ఈ దేశాలన్నిట్లో నువ్వు అడుగు పెట్టే రోజుకి పాస్‌పోర్ట్ ఆరు నెలలు బతికి ఉండాల. నవంబర్ 4న నీకు ఏడు నెలల పైన ఉండింది, ఎవరూ అడగలేదు. డిసెంబర్ 20 దాటంగానే ఆరు నెలల లోపలికి పడిపోతాది. క్రిస్మస్ తర్వాత కౌలాలంపూర్ పోయినా, థాయ్‌లాండ్ పోయినా, మళ్ళీ బాలి రావాలన్నా చెక్-ఇన్ కౌంటర్లోనే ఆపేస్తారు, ఎయిర్‌లైన్ వాళ్ళు రిస్క్ తీసుకోరు. బాలిలో మన కాన్సులేట్ ఉంది, కొత్త పాస్‌పోర్ట్‌కి అక్కడ పెట్టుకోవచ్చు, కానీ నీ వీసా పాత నంబరు మీద ఉంది, బోట్ ట్రిప్ మధ్యలో ఉంది, ఆ గొడవ ఇప్పుడు పెట్టుకోవద్దు. అంటే నీకు మిగిలిన దారి ఒకటే. ఎక్స్‌టెన్షన్ చేయించుకో, బోట్ ట్రిప్ చేసుకో, డిసెంబర్‌లో బాలి తిరుగు, జనవరి 2 లోపల మన దేశంలో దిగు. నేనైతే డిసెంబర్ 30కి వేసుకుంటా. ఫ్లైట్ క్యాన్సిల్ అయినా, అగ్నిపర్వతం బూడిద వచ్చి ఎయిర్‌పోర్ట్ మూసినా మూడు రోజులు చేతిలో ఉంటాయి. అక్కడ బూడిద జోక్ కాదు, నువ్వు రోజూ డైవ్ చేసే ఆ లిబర్టీ షిప్ 1942లో టార్పెడో తగిలినాక ఒడ్డున పడి ఉండింది, 1963లో అగుంగ్ కొండ పేలినప్పుడే సముద్రంలోకి జారింది.

ఇంక తేదీలు ఇట్లా పెట్టుకో. ఈ రాత్రికి టికెట్ మార్చు, అప్లికేషన్ పెట్టి డబ్బు కట్టు. ఆఫీసులో డేట్ దొరికిన మొదటి రోజే పో. 26 లోపల ఎక్స్‌టెన్షన్ చేతికి రావాల, లేట్ అయితే మధ్యలో శని, ఆదివారాలు వస్తాయి. సోరోంగ్‌లో కూడా ఇమిగ్రేషన్ ఆఫీసు ఉంది, అక్కడ చూసుకుందాంలే అనుకోవద్దు, బోటు నీ కోసం ఆగదు, లోపలికి పోయినాక సిగ్నల్ ఉండదు.

26 అని ఎందుకన్నానంటే దానికి ఇంకో లెక్క ఉంది, అది వీసా లెక్క కాదు, నీ ఒంటి లెక్క. రోజుకి మూడు డైవులు, వరసగా వారాలు చేస్తా ఉన్నావు, ఒంట్లో నైట్రోజన్ పేరుకోని ఉంటాది, ఎత్తుకి పోయి గాలి పలచబడితే అది బుడగలై ఒంటిని పట్టేస్తాది. చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదు, ఒక్క డైవ్ మాత్రమే చేసినోళ్ళకి 12. చాలా షాపులు గుండుగుత్తగా 24 అంటాయి, నేనూ అదే పాటిస్తా. మకస్సర్ మీదుగా సోరోంగ్ ఫ్లైట్ 27న అయితే 26 పొద్దున్నే ఆఖరి డైవ్. వీసా కోసం హడావుడిగా రాత్రికి రాత్రే ఫ్లైట్ ఎక్కే వాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు.

ఇంకా ఎవరూ చెప్పనిది ఒకటి చెప్తా. కొండ కూడా ఫ్లైట్ లాంటిదే. మనం అలిపిరి నుంచి తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు మధ్యలో చెవులు గుయ్యిమంటాయి కదా, అది సుమారు 2,800 అడుగులు. సింగరాజా పనయ్యాక "కింతామణి చూసి పోదాం, బెదుగుల్ లేక్ చూసి పోదాం" అంటాడు నీ రూమ్మేట్, అవి తిరుమల కంటే ఎత్తు, కింతామణి అయితే 1,500 మీటర్ల దగ్గర ఉంటాది. పొద్దున డైవ్ చేసి మధ్యాహ్నం ఆ కొండెక్కితే కీళ్ళలో నొప్పి మొదలై సాయంత్రం డెన్‌పసార్ ఛాంబర్లో (ఆ బుడగలు కరిగించే ప్రెషర్ గది) పడుకోవాల్సి రావచ్చు. ఆఫీసు పనికి పోయే రోజు డైవ్ పెట్టుకోవద్దు, పోయిన సముద్రం రోడ్డులోనే వెనక్కి రా.

ఇన్సూరెన్స్ గురించి నువ్వు ఒక్క మాట రాయలేదు, భయమేసింది. 30 రోజులకే తీసుకోని ఉంటే అది అయిపోకముందే కంపెనీకి మెయిల్ పెట్టి పొడిగించుకో, అయిపోయినాక చాలా కంపెనీలు పొడిగించవు. మామూలు ట్రావెల్ పాలసీల్లో డైవింగ్ ఉండకపోవచ్చు, ఉన్నా ఎన్ని మీటర్ల దాకా అని ఒక గీత గీసి ఉంటారు. నీ అడ్వాన్స్‌డ్ కార్డ్ 30 మీటర్లు, పాలసీలో 18 అని ఉంటే మిగతా 12 మీటర్లు నీ సొంత పూచీ. డైవర్ల కోసం విడిగా డాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్) అనే సంస్థ వాళ్ళ పాలసీ ఉంది, రాజా అంపట్ లాంటి దూరం చోటికి అది లేకుండా నేను పోను, అక్కడి నుంచి ఛాంబర్ దాకా తరలించే ఖర్చు మన ఇల్లు తాకట్టు పెట్టినా చాలదు.

డైవ్ షాప్ ఫ్రీ డైవ్స్ మాట. వద్దు. నువ్వు డబ్బు కట్టి నేర్చుకోవడం వేరు, సిలిండర్లు మోసి, కస్టమర్లని నీళ్ళలోకి తీసుకపోయి దానికి బదులు డైవ్ తీసుకోవడం వేరు. చేతికి రూపాయి రాకపోయినా అది పనే, టూరిస్ట్ వీసా మీద పని చేస్తే ఇండోనేషియా వాళ్ళు పంపించేస్తారు, చెకింగ్‌లు కూడా చేస్తా ఉంటారు. షాపాయనకి ఏం పోతాది, ఫైన్ కడతాడు. నీ పాస్‌పోర్ట్‌లో పడే ముద్ర మాత్రం నీ వెంట వస్తాది.

వేరే దేశాల గురించి ఉత్తరాలు వస్తా ఉంటాయి కాబట్టి రెండు ముక్కలు. థాయ్‌లాండ్‌లో పొడిగింపు 30 రోజులు, 1,900 బాట్, టీఎం-7 ఫారం, కో తావ్‌లో డైవ్ చేసేవాళ్ళు దానికి ఫెర్రీ ఎక్కి కో సముయ్ పోతారు. ఓవర్‌స్టే రోజుకి 500 బాట్, గరిష్ఠం 20,000. మాల్దీవుల్లో మనకి 90 రోజులు ఫ్రీ, ఈ గోల లేదు, కానీ పర్సు గోల ఉంటాది. ఏ దేశమైనా బయల్దేరే వారం ముందు ఆ దేశం అఫీషియల్ సైట్ ఒకసారి తెరిచి చూడండి, పోయినేడాది వెళ్ళొచ్చిన బామ్మర్ది మాట నమ్ముకోని పోవద్దు.

అమ్మ సంగతి. ఆమె ఏడ్చేది నువ్వు దూరం పోయినందుకు కాదేమో, నువ్వు ఎప్పుడు యాడ ఉంటావో తెలియక. బోట్ ఎక్కే రోజు, దిగే రోజు, బోట్ ఆఫీసు నంబరు, మధ్యలో 11 రోజులు ఫోన్ రాదు అన్న ముక్క, అన్నీ తెలుగులో ఒక కాయితం మీద రాసి ఫొటో తీసి పంపు, ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అతికించుకోమను. నా భార్యకి అట్లే ఇచ్చి పోతా. ఫోన్ రాకపోతే తిట్టుకుంటాది గానీ భయపడదు.

ఇంటికి ముందే వస్తే ఆ ఎనిమిది రోజుల డైవింగ్ పాయె అని నువ్వు గొణుక్కుంటావని తెలుసు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి డైరెక్ట్ ఫ్లైట్, రెండున్నర గంటల లోపే, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు. అక్కడి నుంచి ఫెర్రీలో హావ్‌లాక్, అదే స్వరాజ్ ద్వీప్. జనవరిలో నీళ్ళు బాగుంటాయి. 30న దిగి రెండు రోజులు అమ్మ చేతి రాగి సంగటి తిని, 2న పోయి 9కి వచ్చెయ్, తిరుగు ఫ్లైట్‌కి ముందు 24 గంటలు డైవ్ లేకుండా చూసుకో. ఆధార్ కార్డు చాలు. పాస్‌పోర్ట్ రెన్యూవల్‌కి సంక్రాంతి అయినాక తిరుపతి సేవా కేంద్రంలో స్లాట్ పెట్టుకో.